పదేళ్ళకొక రోజు

ఇక మెట్లు ఎక్కలేడని ఆసుపత్రి వాళ్ళు తేల్చి చెప్పారు. అందుకని ఎర్మెలిందా మొగుడు జెఫెరీనోకి కింద గదిలో మంచం వేయాలనుకుంది. కింద గది అంటే జెఫెరీనో తండ్రి కాలంలో ద్రాక్షపళ్ళు తొక్కిన గది. తొట్టిని ఏనాడో పగలగొట్టి తీసేశారు. దాని వెనక రాతిగోడకు కొట్టిన చెక్కపలకలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి చెమ్మ పట్టింది. మంచం అటు వేస్తే దగ్గు ఎక్కువవుతుందని ఆమె సుత్తి తీసుకుని ఒక్కొక్కటే ఊడదీసింది. మూడో పలక వెనక, రాతిగోడలో ఒక గూడు ఉంది. గూట్లో ఒక సీసా నిలబడి ఉంది.

శాలువా కొసతో తుడవబోయి ఆగింది. తుడిచినందుకు తిడతాడని తెలుసు. అలాగే వంటింట్లోకి పట్టుకెళ్ళింది. జెఫెరీనో పొయ్యి పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"గోడలో ఎలా ఉందది? పడుకుని ఉందా, నిలబడి ఉందా?" అన్నాడు.

"నిలబడే ఉంది."

"అయితే బతికే ఉంది. ఇలా తే. వంచకు."

ఫుంషాల్ పట్నంలో, ఒక వైన్ గిడ్డంగిలో అతను పనిచేయగలిగినంత కాలం పీపాలు కట్టాడు. తమ ద్వీపపు వైన్‌ని పడుకోబెడితే బిరడాని తినేస్తుందని అక్కడ ఊడ్చేవాడికి కూడా తెలుసు. సీసాని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో దుమ్ము తోశాడు. తెల్లరంగుతో చేత్తో రాసిన అక్షరం ఒకటి బయటపడింది. బువాల్ ద్రాక్షకు గుర్తు అది. దాని కింద సంవత్సరం. అది జెఫెరీనో పుట్టిన సంవత్సరం.

ఆ అంకెల మీద బొటనవేలు ఇంకోసారి తోశాడు. తర్వాత, "మా అక్కని పిలు," అన్నాడు.

తండ్రి ఆగస్టీన్యో గురించి జెఫెరీనోకు తెలిసింది కొంచెమే. కొడుకు పుట్టిన ఏడు ఇంటి వెనక పాదుల్లో బువాల్ కోసి, తొక్కి, సారా కలిపి, పెంకుల కింద అటక మీద ఒక చిన్న పీపాలో పెట్టాడు. ఆ పై చలికాలం కొండల్లోంచి పొలాలకి నీళ్ళు తెచ్చే లెవాడ కాలవ తవ్వే పనికి వెళ్ళాడు. కొండ నిట్టనిలువుగా ఉన్నచోట తాడుకు వేలాడుతూ రాయి కొడుతుంటే తాడు తెగింది. ఫోటో అంటూ ఒక్కటే ఉండేది, పెళ్ళినాటిది. దాన్ని చెమ్మ తినేసింది. తల్లి బువాల్ పాదులు పీకించి అరటి వేసింది. వైన్ ఏమైందని అడిగితే అమ్మేశాను అనేది. ఊళ్ళో అందరి వైన్లూ తాగిన జెఫెరీనో సొంత తండ్రి చేసినది మాత్రం చుక్క ఎరగడు.

పై వీధిలో ఉండే అక్క బెర్నార్దా చేతులకు పిండితోనే వచ్చింది. ఫెస్టాకి, అంటే క్రిస్మస్‌కి, చెరకు పాకం కేకులు కలుపుతోంది. సీసా చూసి కూర్చోకుండా అలాగే నిలబడిపోయింది. తమ్ముడికంటే ఆరేళ్ళు పెద్దది. తండ్రి గొంతు గుర్తున్నది ఆ ఇంట్లో ఆమెకే.

"అమ్మ నాతో కూడా అనలేదు. ఇన్నేళ్ళు ఆ గోడకి ఆనుకుని ఉల్లిపాయలు కట్టాను నేను," అంది.

"నువ్వు తాగేస్తావని చెప్పలేదు," అన్నాడు జెఫెరీనో.

"తాగేదాన్నే. ఇప్పుడూ తాగుతాను. గ్లాసు తే మరదలా."

"కూర్చో అక్కా. ఇవాళ తీస్తాం. తాగేది ఇవాళ కాదు."

"ఇంకెప్పుడు?"

"సీసాలో పదేళ్ళున్నదానికి ఒక రోజు గాలి పట్టాలి. నాకెన్నేళ్ళో దానికీ అన్నే. ఎనిమిది రోజులు వేసుకో. ఫెస్టా ముందురోజుకి సరిపోతుంది."

బెర్నార్దా ఎర్మెలిందా వైపు చూసింది. ఎర్మెలిందా పొయ్యి వైపు చూసింది. ఫెస్టా ఇంట్లో చేసుకోండి అని చెప్పి ఆసుపత్రి వాళ్ళు అతన్ని పంపేశారు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు. అతనికీ తెలుసు.

"ఆ లెక్కలన్నీ పట్నంలో దొరలకిరా. నాన్న వైన్‌కి ముహూర్తం ఏమిటి? తీసి తాగు," అంది బెర్నార్దా.

"డెబ్భై ఏళ్ళపైన నోరు మూసుకున్నవాడు నోరు తెరవగానే ఎలా కంపు కొడతాడో తెలుసా నీకు? గిడ్డంగిలో నా ముందు ఎన్ని తీశారు. తీసిన రోజు ఎలుక చచ్చిన అలమరలా ఉంటుంది. నాన్నని ఒక్కసారే చూస్తాను. ఆ కంపుతో చూడను."

బిరడా సగంలో ముక్కలైంది. అతను చెబుతుంటే ఎర్మెలిందా పలచటి గుడ్డ వేసి వైన్‌ని గాజు కూజాలోకి వడకట్టింది. కూజా నోటికి నీలం అంచు గుడ్డ కప్పి దారంతో కట్టింది. అతను చెప్పినట్టే ఉంది, ఎలుకా, చెమ్మా, పాత తోలూ కలిసిన కంపు. బెర్నార్దా ముక్కు చిట్లించి, "ఇది పోయిందిరా," అంది.

"వస్తుంది," అన్నాడు జెఫెరీనో.

తెల్లవారకముందు జరిగే పూజలు ఆ మర్నాడే మొదలయ్యాయి. తొమ్మిది తెల్లవారుజాములు, ఫెస్టా దాకా. ఎర్మెలిందా చీకట్లో గుడికి వెళ్ళేది. పూజ అయ్యాక గుడి ముందు అందరూ అకార్డియన్లతో, గంటలతో పాడుకుంటూ వేడి కోకో తాగుతుంటే ఆమె ఆగకుండా ఇంటికొచ్చేది. రాగానే కూజా తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళేది. అతను గుడ్డ ఎత్తి ముక్కు పెట్టేవాడు.

మొదటిరోజు, "ఎలుక ఇంకా ఉంది," అన్నాడు. మర్నాడు, "ఎలుక వెళ్ళిపోయింది, అలమర ఉంది," అన్నాడు. ఆ రోజు కోడి సూపు గిన్నెడు తాగాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత తాగడం అదే మొదలు. మంచం మీద నుంచే ఏసు పుట్టిన కొట్టం బొమ్మలు ఎక్కడ పెట్టాలో చెప్పాడు. వాటి ముందు సాసర్లలో గోధుమ మొలకలు పోసి పెడుతుంటే, ఒకటి వంకరగా ఉందని మళ్ళీ పెట్టించాడు.

"పనిచేసే రోజుల్లో ఇంట్లో ఒక్క సాసరు ముట్టుకున్న పాపాన పోలేదు," అంది ఆమె.

"అప్పుడు నాకు పని ఉండేది. ఇప్పుడు నువ్వే నా పని."

ఆరోగ్య కేంద్రం నుంచి రోజు విడిచి రోజు నర్సు వచ్చి మందు ఎక్కించేది. ఒక పూట గుమ్మం దగ్గర ఎర్మెలిందా ఆమెని ఆపింది.

"ఫెస్టా దాకా ఉంటాడా అమ్మాయ్?"

"దేనికోసమో ఎదురుచూస్తున్నట్టున్నారు. అలాంటివాళ్ళు మా లెక్కకి అందరమ్మా," అంది నర్సు.

ఎర్మెలిందాకి భయం పట్టుకుంది. ఎదురుచూపే అతన్ని నిలబెడుతోందనుకుంటే, తాగిన మర్నాడు ఏమవుతుంది? ఈ లోగా పోతే, ఆ కూజా వంటింట్లో అలాగే ఉంటుంది, ఆమె దాన్ని చూస్తూ బతకాలి. ఇవాళే ఇచ్చేయాలని ఒక పూట, ఆ రోజు దాకా ఆగాలని ఒక పూట అనిపించేది. ఇస్తానంటే అతను ఒప్పుకోడు. నియమం అతనిది.

ఫెస్టా మాంసం నానబెట్టాల్సిన రోజు వచ్చింది. పంది మాంసాన్ని వైన్, వెనిగర్, వెల్లుల్లి, బిర్యానీ ఆకు వేసిన పులుసులో మూడు రోజులు ఊరనివ్వకపోతే ఆ ఊళ్ళో దాన్ని ఫెస్టా అనరు. ముందురోజు సాయంత్రం ఆమె పులుసు కలిపి, మిగిలినది రెండో గాజు కూజాలో పోసి గుడ్డ కప్పింది. ఇల్లంతా వెల్లుల్లి వాసనే. పొద్దున గుడి నుంచి వచ్చి, తడి శాలువా తీయకుండానే బల్ల మీది కూజా అందుకుని గదిలోకి వెళ్ళింది.

జెఫెరీనో గుడ్డ ఎత్తాడు. ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇవాళ నారింజ తొక్క వచ్చింది. పొయ్యి మీద ఎండబెట్టిన తొక్క. నేను చెప్పానా? ఇంకొక్క మూడు రోజులు," అన్నాడు.

ఆమె సంతోషంగానే కూజా వెనక్కి తెచ్చింది. బల్ల మీద పెడుతుంటే, అక్కడ నీలం అంచు గుడ్డ కట్టిన కూజా కనిపించింది. చేతిలో ఉన్నదానికి కట్టింది తెల్లగుడ్డ. గుడ్డ ఎత్తి వాసన చూసింది. వెనిగర్ ముక్కులో గుచ్చుకుంది. పైన వెల్లుల్లి రెబ్బ తేలుతోంది.

స్టూలు లాక్కుని కూర్చుంది. శాలువా తీయడం ఆ తర్వాత చాలాసేపటికి గుర్తొచ్చింది.

మధ్యాహ్నం బెర్నార్దా వస్తే వంటింటి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "మీ తమ్ముడికి ముక్కు పోయింది వదినా. పులుసు చూపిస్తే నారింజ అన్నాడు."

బెర్నార్దా కేకు పళ్ళెం బల్ల మీద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"తెలీదు. ఏ రోజు నుంచి అబద్ధం చెబుతున్నాడో. గిడ్డంగిలో ఏ రోజుకి ఏ వాసన వస్తుందో చూశాడుగా. ఆ గుర్తుతో చెబుతున్నాడు."

"నాలుక?"

"సూపులో నిన్న ఉప్పు మరిచిపోయాను. బాగుందన్నాడు."

"అయితే ఇప్పుడే ఇచ్చేయ్. ఇంకా దేనికి ఆగడం? ఏ రోజు తాగినా వాడికి నీళ్ళేగా."

ఎర్మెలిందా తల అడ్డంగా ఊపింది. "ఆ రోజు దాకా ఉండాలనుకుంటున్నాడు. నాకు తెలిసినట్టు కనబడితే అదీ పోతుంది."

ఆ తర్వాతి పొద్దుల్లో కూడా ఆమె కూజా తీసుకెళ్ళింది. గుడ్డ అంచు రెండుసార్లు చూసుకుని మరీ తీసుకెళ్ళింది. అతను వాసన చూసి ఏదో ఒకటి చెప్పాడు. అవునా అంది. సూపు తాగడం తగ్గింది. ఒకరోజు మూడు చెంచాలు, తర్వాతి రోజు ఒకటి.

ఫెస్టా ముందురోజు చివరి పూజకి ఆమె వెళ్ళలేదు. గుడి నుంచి పాట కొండ దిగి వినిపిస్తోంది. వెలుతురు వచ్చాక బెర్నార్దా వచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది. జెఫెరీనోని ఇద్దరూ కలిసి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. అతని బరువు వాళ్ళకి తెలియలేదు.

"మూడు గ్లాసులు," అన్నాడు.

పెళ్ళినాటి చిన్న గ్లాసులు తెచ్చింది. కూజా నుంచి పోస్తుంటే కిటికీ వెలుతురు వైన్‌లోంచి గోడ మీద పడింది. అతను గోడ మీది ఆ వెలుతురు కేసి చూశాడు. "రంగు మంచిదే," అన్నాడు. గ్లాసు పట్టుకోవడానికి వేళ్ళు ఒప్పలేదు. ఆమె అతని పెదవులకు ఆనించింది. కొంచెం లోపలికి వెళ్ళింది. మింగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ అతని మొహమే చూస్తున్నారు.

"నారింజ వచ్చిందా?" అంది ఎర్మెలిందా.

జెఫెరీనో ఆమె వైపు తిరిగాడు. "ఆ రోజు నువ్వు తెచ్చింది పంది కూజా కదే?"

ఆమె అతని గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు వెనక్కి వెళ్తూ గుమ్మం దాటుతుంటే చూశాను. వైన్‌కి నీలం అంచు. నీ చేతిలో ఉన్నదానికి లేదు. అప్పుడు తెలిసింది నువ్వు దేన్ని చూపించావో. ఎలుక వెళ్ళినప్పుడే నా ముక్కూ వెళ్ళిపోయింది. రెండూ కలిసి వెళ్ళాయి."

"మరి చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు ఆ రోజే గ్లాసులో పోసేసేదానివి."

బెర్నార్దా మొహం తిప్పుకుంది. వీధిలో ఎవరో అకార్డియన్ వాయించుకుంటూ వెళ్ళారు.

"నాకు నీళ్ళలా ఉంది. నువ్వు తాగు. తాగి చెప్పు," అన్నాడు.

"నాకేం తెలుసు? ఏ వైన్ అయినా నాకు ఒకటే. పులుపూ మంటా. జీవితమంతా నన్ను అందుకే ఎక్కిరించావు."

"ఇవాళ ఎక్కిరించను. వంట రుచి చూసినట్టు చూసి చెప్పు. పొగడకు. ఉన్నది చెప్పు."

ఆమె గ్లాసు ఎత్తింది. తాగి కాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"మొదట తీపి. చెరకు పాకం తీపి."

"మాడిన పాకమా?"

"కాదు. మాడబోతుంటే చూసుకుని దించేసింది."

"ఊఁ."

"తర్వాత పులుపొచ్చి తీపిని తోసేస్తోంది. నిమ్మ పులుపు కాదు. నిజంగానే నారింజ తొక్క. తొక్క కోసిన కత్తి నాకినట్టుంది."

"నేను చెప్పానుగా," అన్నాడు. పెదవులు నవ్వాయి. "ఉప్పుందా?"

"కొంచెం ఉంది. సముద్రం వైపు ఆరేసిన దుప్పటి మడతపెట్టేటప్పుడు కొస పళ్ళతో పట్టుకుంటామే, ఆ ఉప్పు."

"చివర? మింగాక నిలిచేది ఏమిటి?"

మింగాక ఒకటి నిలిచింది. అది మంచిది కాదని ఆమెకు కూడా తెలిసింది. ఇంకోసారి తాగింది. మళ్ళీ అదే. బెర్నార్దా కూడా తన గ్లాసు రుచి చూసి, తమ్ముడికి కనబడకుండా వద్దన్నట్టు తల ఆడించింది. బాగుందని చెప్పు అని ఆ ఊపుకి అర్థం. ఆ మాట చెప్పడం ఎంత తేలికో ఎర్మెలిందాకి తెలుసు. అతను నారింజ అని చెప్పడం కూడా అంతే తేలికయి ఉంటుంది.

"చేదు. తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టు," అంది.

"ఇత్తడిదా, ఇనుపదా?"

"ఇనుపది. మేకల కొట్టం తాళంచెవి."

జెఫెరీనో పైకప్పు వైపు చూశాడు. అతని గొంతులో ఏదో కదిలింది. దగ్గు వస్తోందనుకుని ఆమె గిన్నె అందుకుంది. దగ్గు కాదు, అతను నవ్వుతున్నాడు.

"మేకు కొట్టాడు," అన్నాడు.

"ఏమిటి?"

"పీపా కారుంటుంది. పలకల మధ్య సందులోంచి. సందులో ఎండురెల్లు పెట్టి బిగించాలి, మేకు కొడతారా ఎవరైనా? ఇనుము లోపలికి తగిలిందంటే వైన్ దాన్ని మరిచిపోదు. మొదటి వారంలోనే మాకు అది చెబుతారు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నాన్నకి పీపా కట్టడం రాదు అక్కా."

"ఎవరు నేర్పుతారు? తాత అప్పటికే లేడుగా," అంది బెర్నార్దా.

"నీకు గుర్తుందా, అటక మీద కారడం?"

బెర్నార్దా గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. "రాత్రి నా మంచం మీద చుక్కలు పడ్డాయి. నాన్న సుత్తి పట్టుకుని అటకెక్కాడు. ఎందుకు ఏడుస్తున్నావు నాన్నా అని కిందనుంచి అడిగాను. ఏడవడం లేదు, దుమ్ము అన్నాడు."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"నా దగ్గరున్నవే రెండు మూడు. పంచితే అయిపోతాయనిపించేది."

జెఫెరీనో కళ్ళు మూసుకున్నాడు. "అప్పటికి ఎన్నేళ్ళు నాన్నకి?"

"ఇరవయ్యారు."

"కుర్రాడు," అన్నాడు. కళ్ళు తెరిచి మళ్ళీ అన్నాడు, "కుర్రాడు. పీపా కారుతుంటే భయపడ్డాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఏడాది పంట అంతా అందులో ఉంది. నేనుండాల్సింది అక్కడ. గంటలో సరిచేసి ఇచ్చేవాణ్ణి."

"నువ్వు ఉయ్యాల్లో ఉన్నావురా," అంది బెర్నార్దా.

"అదే కదా," అన్నాడు జెఫెరీనో.

ఫెస్టా మర్నాడు మధ్యాహ్నం అతను పోయాడు. మాంసం వండారు గానీ ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. వచ్చినవాళ్ళకి పెట్టారు.

జనవరిలో సంతు అమారో పండుగ వచ్చింది. ఫెస్టాకి చేసినవి ఏ ఇంట్లోనూ మిగలకూడదని ఆ రోజు ఇరుగుపొరుగు చీపురు పట్టుకుని అలమరలు ఊడ్చడానికి ఇంటింటికీ తిరుగుతారు. ఉన్నది తిని తాగి అలమర ఖాళీ చేసి వెళ్తారు. చావు జరిగిన ఇల్లని తటపటాయిస్తూ గుమ్మం దగ్గర ఆగారు. ఎర్మెలిందాయే లోపలికి పిలిచింది. కేకులు, లిక్కరు, ఎండు అంజూరలు, ఉన్నవన్నీ బల్ల మీద పెట్టింది. తిన్నారు. జెఫెరీనో గురించి రెండు మంచి మాటలు, ఒక చెడ్డ మాట చెప్పుకుని నవ్వారు. ఒకావిడ చీపురుతో అలమర అరలన్నీ ఊడ్చింది.

అందరూ వెళ్ళాక బెర్నార్దా అలమర తలుపు తీసి చూసింది. పై అరలో, సీసా అడుగు ఆనిన చోట, గుండ్రటి మరక మాత్రం ఉంది.

"అలమర ఊడ్చారు సరే. గోడ ఎవరు ఊడుస్తారు మరదలా?" అంది.

"గోడ ఊడ్చే పండుగ లేదు వదినా," అంది ఎర్మెలిందా.

కింద గదిలో మంచం ఇంకా అక్కడే ఉంది. ఎర్మెలిందా గూట్లోంచి సీసా తీసింది. మిగిలిన వైన్‌ని కూజాలోంచి మళ్ళీ అందులోకే పోసి, కొత్త బిరడా పెట్టి, చీపుర్లు రాకముందే అలమరలోంచి తెచ్చి గూట్లో నిలబెట్టింది తనే. తెరిచాక కూడా అది చెడదని, మనకంటే ఎక్కువ కాలం ఉంటుందని జెఫెరీనో చెప్పేవాడు. మంచం అంచున ఇద్దరూ కూర్చున్నారు. రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. తాగారు. తీపి వచ్చింది, పులుపు వచ్చింది, ఉప్పు వచ్చింది. మింగాక ఇద్దరూ తాళంచెవి కోసం ఆగారు.